మాకు నందంపూడి ఎవరిచ్చారు?

ఫిలాసఫీ చదివేవాడికి డబ్బు యావ ఉండకూడదట.

ఈ మాట అనేదెవరో చూడండి. ఒకటో తారీఖున జీతం చేతిలో పడేవాడు అంటాడు. క్వార్టర్సులో మామిడిచెట్టు కింద వాలుకుర్చీ వేసుకున్నవాడు అంటాడు. తాతల నాటి పొలం కౌలుకిచ్చి, ఆ డబ్బుతో కొడుకుని అమెరికా పంపినవాడు అంటాడు. ఆకలి తెలిసినవాడెవడూ ఈ మాట అనగా నేను వినలేదు.

2011లో మేం ఏడుగురం ఎస్సీ, ఎస్టీ రీసెర్చి విద్యార్థులం ఫెలోషిప్ కోసం పరిపాలనా భవనం మెట్ల మీద కూచున్నాం. పద్నాలుగు నెలలుగా పైసా రాలేదు. మా డిపార్ట్‌మెంటు పెద్దాయన ఒకరు అటుగా పోతూ నన్ను చూసి ఆగాడు. "ఏమయ్యా, వేదాంతం మీద పనిచేసేవాడివి, వైరాగ్యం లేకపోతే ఎట్లా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పక్కన ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఆయన ఊరికే అన్న మాట కాదది. వేదాంతం చదవాలంటే నాలుగు అర్హతలుండాలని శాస్త్రం చెబుతుంది. ఏది నిత్యమో ఏది అనిత్యమో తెలిసుండాలి. ఇహంలో పరంలో భోగాల మీద విరక్తి ఉండాలి. మనసూ ఇంద్రియాలూ అదుపులో ఉండాలి. మోక్షం కావాలన్న తపన ఉండాలి. ఈ నాలుగూ ఉన్నవాడే 'అధికారి'. మెస్సు బాకీ కట్టమని నోటీసు చేతిలో పట్టుకున్నవాడికి ఆ రెండో అర్హత లేదని ఆయన తీర్పు.

సరే సారూ. మీ పుస్తకాలు దగ్గర పెట్టుకునే మాట్లాడుకుందాం.

ఉపనిషత్తుల్లో అందరికంటే పెద్ద తత్వవేత్త యాజ్ఞవల్క్యుడు. బృహదారణ్యకంలో జనక మహారాజు యాగం చేసి వెయ్యి ఆవుల్ని కట్టేయించాడు. ఒక్కో ఆవు కొమ్ములకి పదేసి పాదాల బంగారం. మీలో బ్రహ్మజ్ఞానంలో ఎవడు గొప్పవాడో వాడు తోలుకుపొమ్మన్నాడు. యాజ్ఞవల్క్యుడు ఏం చేశాడు? వాదన మొదలు కాకముందే శిష్యుణ్ని పిలిచి ఆవుల్ని ఇంటికి తోలమన్నాడు. తక్కిన బ్రాహ్మలు, ఏం, నువ్వేనా గొప్పవాడివి అని నిలదీస్తే, గొప్పవాడెవడైతే వాడికి దండం, మాకు కావలసింది ఆవులు అన్నాడు. ముందు ఫెలోషిప్, తర్వాత వైవా. ఆయన్ని వైరాగ్యం లేనివాడని మీరెప్పుడన్నా అన్నారా సారూ?

ఛాందోగ్యంలో రైక్వుడనే ఇంకొకాయన ఉన్నాడు. బండి కింద కూచుని గజ్జి గోక్కుంటూ ఉంటాడు. జానశ్రుతి అనే దొర ఆరువందల ఆవులు, హారం, రథం పట్టుకొచ్చి విద్య చెప్పమంటే, పో శూద్రుడా, నీ ఆవులు నువ్వే ఉంచుకో అన్నాడు. రెండోసారి జానశ్రుతి వెయ్యి ఆవులు తెచ్చాడు. కన్నకూతుర్ని తెచ్చాడు. ఊళ్లు రాసిచ్చాడు. అప్పుడు గాని రైక్వుడికి బ్రహ్మజ్ఞానం నోట్లోంచి రాలేదు. తత్వశాస్త్రానికి ధర కట్టింది మేం కాదు. బేరమాడింది మేం కాదు.

ఆ వెయ్యి ఆవుల్ని ఎవరు మేపారో ఉపనిషత్తు చెప్పదు. అవి చస్తే ఎవరు ఈడ్చారో, ఎవరు తోలు తీశారో అసలే చెప్పదు. నేను చెబుతాను. మా అయ్య ఊళ్లో ఆసామి దగ్గర జీతగాడు. గొడ్లు మేపాడు. మా తాత చచ్చిన గొడ్డుని ఎత్తాడు. ఆ తోలు ఊరబెట్టి, చెప్పులు కుట్టి, మోటబొక్కెన కుట్టి ఊరికిచ్చాడు. జ్ఞానానికి ప్రతిఫలం ఆవు అయినప్పుడు, ఆ ఆవు చాకిరీ మొత్తం మా వాడది. జ్ఞానం మాత్రం మా వాడ పొలిమేర తొక్కలేదు.

ఇవి పురాణాలు, వదిలెయ్యి అంటారా? చరిత్రలోకి రండి. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకి నందంపూడి అగ్రహారం ఇచ్చాడు. నన్నయ భారతం రాస్తుంటే సాయపడ్డ పండితుడని తెలుగు మాస్టార్లు కళ్లు తడి చేసుకుని చెబుతారు. నేనూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అగ్రహారం అంటే ఏమిటో మాత్రం ఎవరూ విడమర్చి చెప్పలేదు. అగ్రహారం అంటే పన్ను లేని ఊరు. ఆ ఊళ్లో దున్నేవాడి కష్టం చదువుకునేవాడి ఇంటికి చేరే ఏర్పాటు. ఇవ్వాళ్టి భాషలో చెప్పాలంటే ఫెలోషిప్. కాకపోతే మాది అయిదేళ్లు, వాళ్లది ఆచంద్రార్కం. మాది ఒక్కడితో సరి, వాళ్లది పుత్రపౌత్ర పారంపర్యం. మాకు రెండేళ్లకి రివ్యూ కమిటీ, వాళ్లకి ఏ కమిటీ లేదు. పైగా ఈ దానాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని దానశాసనాల చివర శాపం చెక్కించేవాళ్లు. మా ఫెలోషిప్ ఫైలు మీద పద్నాలుగు నెలలు కూచున్న సెక్షన్ ఆఫీసరుకి ఒక మెమో కూడా రాలేదు.

ఇంకొక శాసనం మా ప్రాంతానిదే ఉంది. గుంటూరు జిల్లా మల్కాపురం శాసనం. 1261 నాటిది. రుద్రమదేవి కాలం. కృష్ణ ఒడ్డున మందడం, వెలగపూడి ఊళ్లు విశ్వేశ్వర శివాచార్యుడికి ధారపోశారు. ఆయన అక్కడ గోళకీ మఠం పెట్టాడు. వేదాలు చెప్పడానికి ముగ్గురు, వ్యాకరణం, మీమాంస, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పడానికి అయిదుగురు పంతుళ్లు. విద్యార్థులకి భోజనం. ప్రసూతిశాల, ఆరోగ్యశాల. అన్నసత్రం కూడా ఉంది. ఆ సత్రంలో బ్రాహ్మడి నుంచి చండాలుడి దాకా అందరికీ అన్నం పెట్టాలని రాయించారు. చాలా ఉదారం అని చరిత్రకారులు మెచ్చుకుంటారు.

నేను ఆ శాసనం గురించి చదివినప్పుడు మెచ్చుకోలేకపోయాను. ఎందుకంటే నాకు అందులో మా బతుకు మొత్తం కనపడింది. చండాలుడికి అన్నం ఉంది. తర్కం లేదు. వాడు సత్రం దగ్గర విస్తరి ముందు కూచోవచ్చు, మఠంలో పలక ముందు కూచోకూడదు. ఏడున్నర శతాబ్దాల తర్వాత కూడా ఈ దేశం మాతో ఇదే ఒప్పందం మీద నడుస్తోంది. బియ్యం ఇస్తాం, చదువు అడక్కు. సరే చదువు ఇస్తాం, చేతిపని చదువు చదువు. ఐటీఐ చెయ్యి, నర్సింగు చెయ్యి, బీఎడ్ చెయ్యి. ప్రశ్నలు వేసే చదువు మాత్రం మాకు వదిలెయ్యి. ఫిలాసఫీ ఫెలోషిప్ దగ్గరికొచ్చేసరికి చేతులు బిగుసుకుపోయేది ఇందుకే.

మాది ఆ మందడానికి ఎంతో దూరం లేని మాదిగపల్లె. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో పురుగుల అన్నం తిని పది పాసయ్యాను. డిగ్రీలో చరిత్ర, రాజనీతిశాస్త్రం. ఎంఏ ఫిలాసఫీలో ఎందుకు చేరావని ఇంటర్వ్యూల్లో ఎప్పుడూ అడుగుతారు. సీటు సులువుగా దొరుకుతుందని చేరావు కదా అనే అర్థం ఆ ప్రశ్నలో ఉంటుంది. అదీ నిజమే, దాచేదేముంది. ఫిలాసఫీకి పోటీ లేదు, హాస్టల్ గది వస్తుంది, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తుంది. కాని ఆ సీటు కంటే ముందు మా అమ్మ ప్రశ్న ఒకటి ఉంది. మిరపకాయ కోతల నుంచి వచ్చి, చేతులు మండుతుంటే నీళ్లల్లో పెట్టుకుని కూచుని అడిగేది. "నాయనా, మనం కోసిన కాయ తింటారు, మనల్ని తాకరు. ఇట్టా ఉండాలని ఎవరు రాశారో, ఏమని రాశారో నీ పుస్తకాల్లో యాడన్నా ఉందా?"

ఉందమ్మా. బ్రహ్మసూత్రాల్లో మొదటి అధ్యాయం మూడో పాదంలో ఉంది. దాని పేరు అపశూద్రాధికరణం. శూద్రుడికి వేదవిద్య మీద అధికారం ఉందా లేదా అని చర్చ. లేదని తేల్చారు. రైక్వుడు జానశ్రుతిని శూద్రుడా అన్నాడు కదా, మరి అతనికి విద్య ఎట్లా చెప్పాడని ఎవరన్నా అడుగుతారేమోనని, ఇక్కడ శూద్రుడంటే కులం కాదు, దుఃఖపడ్డవాడని అర్థం అని వ్యుత్పత్తి తీశారు. వెయ్యి ఆవులూ ఊళ్లూ ఇచ్చినవాడికి కులం మార్చడానికి వ్యాకరణం కూడా వంగింది. ఏమీ ఇవ్వలేనివాడు వేదం వింటే వాడి చెవుల్లో సీసం, లక్క పొయ్యాలన్న స్మృతి వాక్యాన్ని శంకరుడు అదే చోట ప్రమాణంగా చూపించాడు. అన్నీ ఒకటే బ్రహ్మం అన్నవాడు ఆ మాట ఎట్లా ఒప్పుకున్నాడు? ఇది ఫిలాసఫీ ప్రశ్న కాదా? మా క్లాసులో అద్వైతం ఒక సెమిస్టర్ మొత్తం నడిచింది. ఈ అధికరణం దగ్గరికి వచ్చేసరికి, ఇది అంత ముఖ్యం కాదు, పేజీ తిప్పండి అన్నారు. నేను ఆ పేజీ తిప్పలేకపోయాను. పీహెచ్‌డీ దాని మీదే చేస్తానని రాశాను.

"ఇది సోషియాలజీ అవుతుందయ్యా, ఫిలాసఫీ కాదు. నాగార్జునుడి శూన్యవాదం తీసుకో, బాగుంటుంది" అన్నారు. పేదవాడికి శూన్యం ఇవ్వడం వాళ్లకి ఎప్పుడూ సులువే. నాలుగు నెలలు టాపిక్ దగ్గరే ఆపారు. టాపిక్ ఖరారు కాకపోతే రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ఫెలోషిప్ దరఖాస్తుకి సంతకం లేదు. ఇది అర్థం చేసుకోండి తమ్ముళ్లూ. డబ్బు ఆపడమూ ప్రశ్న ఆపడమూ రెండు పనులు కావు, ఒకే పని.

ఇప్పుడు లెక్క చెబుతాను. మాకు నీతి చెప్పేవాళ్లకి లెక్కలంటే రోత. మాకు లెక్కలే చరిత్ర. ఎస్సీ, ఎస్టీ రీసెర్చి విద్యార్థుల కోసం రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్ 2005-06లో మొదలైంది. అంతకుముందు నెట్‌లో జేఆర్‌ఎఫ్ కొడితేనే పీహెచ్‌డీకి గౌరవంగా బతికే డబ్బు. నాకు వచ్చేనాటికి నెలకి 16 వేలు. వచ్చింది అంటే కాగితం మీద. పద్నాలుగు నెలలకి 2 లక్షల 24 వేలు నాకు రావాలి. ఆ పద్నాలుగు నెలలూ మా అమ్మ ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 30 వేలతో బతికాను. నెలకి 900 వడ్డీ. పద్నాలుగు నెలలకి 12,600. ఆ వడ్డీ మా అమ్మ మిరపకాయలు కోసి కట్టింది. డబ్బు చివరికి ఒకేసారి పడ్డప్పుడు, చూశావా, ఎంత మొత్తమో, నీకేం తక్కువ అన్నారు. అసలు వచ్చింది గాని ఆ 12,600 ఎవరిచ్చారు? భారత ప్రభుత్వానికి పద్నాలుగు నెలల పాటు అప్పిచ్చింది మిరపకోత కూలీ. వడ్డీ కూడా అడక్కుండా అప్పిచ్చింది. ఇక్కడ దాత ఎవరు, గ్రహీత ఎవరు?

నెలనెలా హాజరు కాగితం. గైడు సంతకం, హెడ్డు సంతకం, ముద్ర. గైడు ఊళ్లో లేకపోతే ఆ నెల పోయినట్టే. పుస్తకాలకీ ప్రయాణాలకీ ఇచ్చే కంటింజెన్సీ గ్రాంటు మా సబ్జెక్టులకి మొదటి రెండేళ్లు ఏడాదికి 10 వేలు. సైన్సు వాళ్లకి 12 వేలు. ఫిలాసఫీకి ప్రయోగశాల అక్కర్లేదు కదా అంటారు. మా ప్రయోగశాల పుస్తకం. మా ఇంట్లో పుస్తకాలు లేవు. పంతుళ్ల పిల్లలకి తాళపత్రాల కాలం నుంచి ఇంట్లోనే ప్రయోగశాల ఉంది. నేను అంబేద్కర్ రచనల సంపుటాలు కొని బిల్లు పెడితే, టాపిక్ వేదాంతం కదా, వీటికీ దానికీ ఏం సంబంధం అని తిప్పి పంపారు. 'హిందూమత తత్వశాస్త్రం' అనే ఆయన రచన ఆ మూడో సంపుటంలోనే ఉంది. 1987లో అచ్చయింది. ఆ పేరు చదివినా సంబంధం కనపడని కళ్లు మా బిల్లులు పాస్ చేస్తాయి.

మాతో పాటు చేరిన ఒక అమ్మాయి ఉంది. అమ్మాయిలకి మా లెక్క రెండింతలు. ఫెలోషిప్ రాలేదంటే మగపిల్లాడికి ఇంట్లో ఇంకొన్నాళ్లు చూద్దాం అంటారు, ఆడపిల్లకి సంబంధం చూస్తారు. ఆ అమ్మాయి తర్కం మీద పని చేసేది. మాలో అందరికంటే పదునైన బుర్ర. పదకొండో నెలలో ఇంటికి పోయింది, మళ్లీ రాలేదు. ఆమె థీసిస్ ఏ లైబ్రరీలోనూ లేదు. లేని పుస్తకానికి కాల్ నంబర్ ఉండదు. ఆలస్యం అనే మాట వెనక ఎన్ని లేని పుస్తకాలున్నాయో ఎవరు లెక్కగట్టారు?

ఫెలోషిప్ బిచ్చం కాదని చెప్పడానికి మనకి బాబాసాహెబ్ కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌండ్లతో ఆయన కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. అక్కడ జాన్ డ్యూయీ దగ్గర ఫిలాసఫీ విన్నాడు. 1936లో 'కుల నిర్మూలన'లో డ్యూయీకి తానెంతో రుణపడ్డానని రాసుకున్నాడు. ప్రజాస్వామ్యం అంటే ఓట్లు కాదు, మనుషులు కలిసి బతికే తీరు అని ఆయన ఈ దేశానికి చెప్పగలిగాడంటే, ఆ పదకొండున్నర పౌండ్ల వెనక ఉన్న తీరిక చెప్పించింది. ఆ సంస్థానం పెట్టిన ఖర్చుల్లో ఈ దేశానికి అంతకంటే లాభం తెచ్చింది ఏదన్నా ఉంటే చూపించండి. అదే స్కాలర్‌షిప్ గడువు ముగిసిందని లండన్‌లో చదువు సగంలో వదిలి 1917లో తిరిగొచ్చాడు. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగానికి పోతే ప్యూన్లు ఫైళ్లు దూరం నుంచి విసిరేశారు. అద్దెకి గది దొరకలేదు. పార్సీ సత్రంలో ఉంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. మళ్లీ 1920లో గాని, సొంతంగా కూడబెట్టిన డబ్బుతో, మిత్రుడి దగ్గర అప్పుతో, శాహూ మహారాజు సాయంతో లండన్ పోలేకపోయాడు. అంబేద్కర్ అంతటివాడికే చదువు మధ్యలో మూడేళ్లు డబ్బు తెగింది. వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడయ్యాక ఆయన పట్టుబట్టి సాధించిన వాటిలో ఒకటి మన స్కాలర్‌షిప్. 1944లో మొదలైంది. ఇవ్వాళ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటున్నది దాని కొనసాగింపే. డబ్బు తెగితే ఏం తెగుతుందో తెలిసినవాడు వేసిన దారి అది.

ఆ దారికి అడ్డంగా ఏమేం వేశారో వరసగా చెబుతాను. 2015 అక్టోబర్‌లో సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ లేని రీసెర్చి విద్యార్థులకిచ్చే ఫెలోషిప్ ఎత్తేస్తామని యూజీసీ నిర్ణయించింది. ఎంఫిల్‌కి 5 వేలు, పీహెచ్‌డీకి 8 వేలు. ఆ కాస్త డబ్బు కూడా కళ్లల్లో పడింది. విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు లాఠీదెబ్బలు తింటూ చలికాలమంతా కూచుంటే గాని వెనక్కి తగ్గలేదు. అదే ఏడాది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ఫెలోషిప్ ఆగిపోయింది. 2016 జనవరి 17న రోహిత్ మనల్ని వదిలిపోయాడు. తనకి రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ 1 లక్షా 75 వేలు ఇంటివాళ్లకి ఇప్పించమని, అందులోంచి ఒక మిత్రుడి అప్పు తీర్చమని చివరి ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరంలో నక్షత్రాల గురించి రాసిన మాటలు దేశమంతా చదివి కన్నీళ్లు పెట్టుకుంది. ఈ లెక్క దగ్గర ఎంతమంది ఆగారు? ఆ పిల్లాడు నక్షత్రాల్నీ అప్పునీ ఒకే కాగితం మీద రాయాల్సి వచ్చింది. దళిత విద్యార్థి తత్వశాస్త్రం అంటే అది.

తర్వాత ఆ రాజీవ్ గాంధీ ఫెలోషిప్ పేరు మారింది, షరతూ మారింది. పీజీ మార్కుల మీద ఇచ్చేది, నెట్ దాటితేనే అన్నారు. నెట్ లేనివాళ్ల కోసం పుట్టిన సాయం మళ్లీ నెట్ గుమ్మం దగ్గరికే చేరింది. 2022లో విదేశీ చదువుల స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఇంకొక వాక్యం చేర్చారు. ఎస్సీలకి ఏడాదికి 115 సీట్లు ఇచ్చే పథకం అది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇండియా మీద సామాజిక అధ్యయనం, ఈ టాపిక్కులకి డబ్బివ్వం అన్నారు. అంటే మాదిగ పిల్లాడు లండన్ పోయి మెషీన్ల గురించి చదవొచ్చు, కులం గురించి చదవకూడదు. నాకు నాలుగు నెలలు టాపిక్ ఆపినప్పుడు అది ఒక డిపార్ట్‌మెంటు మనసు అనుకున్నాను. 2022లో అది గవర్నమెంటు గైడ్‌లైన్స్ అయింది. అపశూద్రాధికరణానికి కొత్త భాష్యం ఇంగ్లీషులో వచ్చింది. ఆ ఏడాది చివరే మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా ఎత్తేశారు. అది వాళ్ల గొడవ అని మనం ఊరుకుంటే మన వంతు వచ్చినప్పుడు అడిగేవాడు మిగలడు.

మా రాష్ట్రం సంగతి చెప్పకపోతే కథ సగమే. 2020లో జీవో 77 తెచ్చి, ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకి ప్రభుత్వం ఫీజు కట్టడం ఆపేసింది. పీజీ లేనిదే పీహెచ్‌డీ లేదు. మొదటి మెట్టే తీసేస్తే పై మెట్టు మీద ఎంత పెద్ద ఫెలోషిప్ పెట్టినా ఎవడు ఎక్కుతాడు? ఆ జీవో వచ్చిన సెక్రటేరియట్ ఉన్నది వెలగపూడిలో. 1261లో చదువుల కోసం ధారపోసిన ఊళ్లోనే కూచుని చదువుల డబ్బు ఆపే కాగితం రాశారు. అప్పుడు మాకు అన్నమన్నా పెడతామని రాతి మీద రాశారు.

అంకెలు పెరిగాయి కదా అంటారు. పెరిగాయి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకి 37 వేలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ 42 వేలు. మంచిదే. కాని పెరిగిన అంకె రాని నెలలో సున్నాయే. 16 వేలు పద్నాలుగు నెలలు రాకపోయినా సున్నా, 37 వేలు రాకపోయినా సున్నా. 2023లో మన ఫెలోషిప్‌ని యూజీసీ నుంచి తీసి, షెడ్యూల్డ్ కులాలకి అప్పులిచ్చే ఆర్థికాభివృద్ధి సంస్థకి అప్పజెప్పారు. ఇవ్వాళ్టికీ నాకు పిల్లలు ఫోన్ చేసి మొదట అడిగేది థీసిస్ గురించి కాదు. "అన్నా, డబ్బులు ఎప్పుడు పడతాయో ఏమన్నా తెలుసా?"

ఇప్పుడు మనవాళ్లతో రెండు మాటలు. ఉద్యమంలో ఉన్న అన్నలే నాతో అన్నారు. "ఫిలాసఫీ బాపనోళ్ల సరుకురా, దాంతో మన వాడకి ఏం ఒరుగుద్ది? లా చెయ్యి, గ్రూప్స్ రాయి." వాళ్ల బాధ నాకు తెలుసు. ఒక్క ఉద్యోగం ఒక ఇంటిని నిలబెడుతుంది. ఫిలాసఫీకి ఉద్యోగాలు లేవు. డిగ్రీ కాలేజీల్లో ఆ గ్రూపు వెతికితే గాని దొరకదు. అయినా ఒక మాట అడుగుతాను. మెరిట్ అనే మాటకి అర్థం ఎవరు చెప్పారు? సమానత్వం అంటే అందరికీ ఒకే కొలతా, ఎవరి లోటుకి వాళ్ల కొలతా? ఎస్సీలంతా ఒకే తరగతి, విడదీయకూడదని 2004లో సుప్రీంకోర్టు మన ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని కొట్టేసింది. విడదీయొచ్చని 2024 ఆగస్టు 1న అదే కోర్టు చెప్పింది. ఒకటి అంటే ఏమిటి, అనేకం అంటే ఏమిటి అనే వేదాంత చర్చ ఇరవై ఏళ్లు మా ఇళ్లల్లో అన్నం కంచాల మీద నడిచింది. తప్పెట కొట్టి ఊరేగింది మనం, నిర్వచనం రాసింది ఎవరో. నిర్వచనం రాసేవాడు ఎప్పుడూ తీరిక ఉన్నవాడే. ఆ తీరికని మనం కొనలేం, కొని ఇవ్వాల్సింది ప్రభుత్వం. ఇన్నాళ్లూ వాళ్లకి కొనిచ్చింది కూడా అదే, మన చాకిరీతో.

ఫిలాసఫీని వదిలెయ్యమనడం అంటే సత్రంలో విస్తరి చాలు, మఠంలో పలక వద్దు అని మన నోటితో మనం ఒప్పుకోవడం.

అందుకని మనం అడిగేది దయ కాదు, పద్దు. ఉద్యోగుల జీతం ఏ తారీఖున పడుతుందో ఫెలోషిప్ ఆ తారీఖున పడాలి. పడకపోతే ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ ఆపినవాడి జీతంలోంచి కట్టాలి. టాపిక్ నచ్చలేదని గైడు సంతకం ఆపితే, ఆ సంతకం లేకుండానే డబ్బు వచ్చే ఏర్పాటు ఉండాలి. మెస్సు బాకీ పేరు చెప్పి హాల్ టికెట్టూ థీసిసూ ఆపకూడదు. పీజీకి ఫీజు అందరికీ కట్టాలి. ఏ దేశంలో చదివినా కులం గురించి చదివే హక్కు ఉండాలి. ఆడపిల్లలకి పెళ్లి, కాన్పు అడ్డమొస్తే గడువు పెరగాలి, డబ్బు ఆగకూడదు. ఫిలాసఫీ పరిశోధనకని 1977లో ప్రత్యేకంగా కౌన్సిలే పెట్టారు కదా, అది ఏటా ఎవరికి ఎంతిచ్చిందో కులాల వారీగా అచ్చు వేయాలి. దాచడానికి ఏమీ లేకపోతే చూపించడానికి భయమెందుకు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. రేపు మీరు ఫైలు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు కిటికీ అవతలివాడు మీకేదో పెడుతున్నట్టు చూస్తాడు. తల దించకండి. మీ తాత తోలు తీసిన ఆవు లెక్క, మీ అవ్వ నాటిన మడి లెక్క, మీ అమ్మ కట్టిన వడ్డీ లెక్క, అన్నీ ఆ కౌంటర్ మీద పెట్టండి. రసీదు అడగండి. డబ్బు చేతికొచ్చాక ముందు ఆ అప్పు తీర్చండి, తర్వాత ఒక పుస్తకం కొనండి. వాళ్లు తిప్పమన్న పేజీ దగ్గర ఆ పుస్తకం తెరవండి.